గట్టి పరుగుకు ఆడియో ఎంచుకోవాలా? ముందు మధ్యలో విరామం ఎంతిచ్చారో చూడండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు, మాది హనుమకొండ. ఏడాది నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెత్తుతున్నాను. 5 కిలోమీటర్లకు 35 నిమిషాలు పడుతోంది. నాలుగు నెలలుగా ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. కొంచెం గట్టిగా చేద్దామని ఫోన్‌లో మాటలతో పరుగెత్తించే ఇంటర్వల్ ఆడియోలు మూడు పెట్టుకున్నాను. మొదటిది '20 సెకన్లు పరుగు, 10 సెకన్లు ఆగు' అంటూ 20 నిమిషాలు నడుస్తుంది. పదో నిమిషానికే ఆగిపోయి, కళ్లు తిరిగి కట్ట మీదే కూర్చున్నాను. రెండోది ఒక నిమిషం వేగం, రెండు నిమిషాల నడక, అలా ఆరుసార్లు. సరిగ్గా చెమట కూడా పట్టదు. మూడోదాంట్లో కోచ్ ఇంగ్లిష్‌లో మైళ్ల లెక్కన చెబుతాడు, నాకు అందదు. వీటిలో ఏది ఉంచుకోవాలి, ఏది తీసేయాలి? కొత్తది వెతకాలంటే ఏం చూసి ఎంచుకోవాలి?

సమాధానం: ముందు ఆ కళ్లు తిరిగిన సంగతి చూద్దాం. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తంలో ఎక్కువ భాగం కాళ్ల కండరాలకు వెళుతుంది. కాళ్లు ఆడుతున్నంతసేపు ఆ కండరాలే రక్తాన్ని తిరిగి గుండె వైపు తోస్తుంటాయి. ఉన్నపళంగా నిలబడిపోతే ఆ తోపు ఆగిపోతుంది, తలకు అందే రక్తం తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. మీ మొదటి ఆడియో పది నిమిషాల పాటు మీతో ఇరవైసార్లు చేయించింది ఇదే: ఉరకడం, ఉన్నచోటే నిలబడడం. కారణం ఇదే కావచ్చు, అయినా అంతటితో వదిలేయకండి. బీపీ చూపించుకోండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మన దగ్గర ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే ఎంత మంచి ఆడియో పెట్టినా దమ్ము చాలదు. ముందు దాన్ని సరిచేసుకోవాలి. పరుగులో ఛాతీ పట్టేసినట్టు ఉండడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్ చూసి సరే అన్నాకే గట్టి పరుగు మొదలుపెట్టండి.

ఇక నాలుగు నెలలుగా ఎందుకు ఆగిపోయారో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. వారానికి నాలుగు రోజులు, అదే కట్ట, అదే 35 నిమిషాలు. అంటే నాలుగు రోజులూ కిలోమీటరుకు 7 నిమిషాల వేగమే. శరీరం ఆ వేగానికి అలవాటు పడిపోయింది. అది తేరుకునేంత తేలికా కాదు, కొత్తగా ఏదైనా నేర్పేంత కష్టమూ కాదు. మీకు కావాల్సింది వారంలో ఒకరోజు అంతకంటే బాగా కష్టం, మిగతా రోజులు అంతకంటే బాగా తేలిక. ఆ ఒక్కరోజుకే ఆడియో కావాలి.

ఏ ఆడియోనైనా కాళ్లతో వినే ముందు చెవులతో వినండి. చాయ్ తాగుతూ, కాగితం, పెన్ను పట్టుకుని, వేగం ఒకటిన్నర రెట్లు పెట్టి మొత్తం వినేయొచ్చు. కాగితం మీద ఐదు అంకెలు రాయాలి: వార్మప్ ఎన్ని నిమిషాలు, ఒక్కో దఫా గట్టి పరుగు ఎంతసేపు, మధ్యలో విరామం ఎంతసేపు, మొత్తం ఎన్ని దఫాలు, చివర కూల్‌డౌన్ ఎంత. పేరులో 'బర్న్' అని ఉందా, ఇన్ని క్యాలరీలు కరుగుతాయని రాశారా, కోచ్ ఎంత ఉత్సాహంగా అరుస్తున్నాడు అనేవి పక్కన పెట్టండి. ఆ ఐదు అంకెలే ఆ ఆడియో.

మీ స్థాయికి వార్మప్ 8 నుంచి 10 నిమిషాలకు తగ్గకూడదు. 20 నిమిషాల ఆడియోలు చాలావాటిలో రెండు నిమిషాలు నడిపించి నేరుగా ఉరకమంటారు. చల్లని కండరంతో ఉరికితే మొదటి రెండు దఫాలు ఆయాసంతోనే పోతాయి, పిక్కలు పట్టేస్తాయి. ఆడియో తక్కిన అన్నింటిలో బాగుండి వార్మప్ ఒక్కటే పొట్టిగా ఉంటే దాన్ని తీసేయనక్కర్లేదు. ప్లే నొక్కకముందే మీరే ఐదు నిమిషాలు వేగంగా నడిచి, నాలుగు నిమిషాలు మెల్లగా పరుగెత్తి, 15 సెకన్ల చొప్పున మూడుసార్లు కొంచెం వేగం పెంచి తగ్గించండి. అప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. గట్టి పరుగు మొదలవగానే గుండె, ఊపిరితిత్తులు పూర్తి పనికి రావు. పైదాకా రావడానికి ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. అందుకే నాలుగు నిమిషాల దఫాలో కనీసం సగం సేపు గుండె గట్టిగా పనిచేస్తుంది. ఒక నిమిషం దఫాలో పైకి వెళ్లేలోపే 'ఇక నడవండి' అంటారు. ఆ తర్వాత రెండు నిమిషాలు నడిస్తే గుండె మళ్లీ కిందికి దిగిపోతుంది. మీ రెండో ఆడియోకు చెమట పట్టకపోవడానికి కారణం అదే: ఆరు నిమిషాల పనికి పన్నెండు నిమిషాల విరామం. నార్వే పరిశోధకుల పేరుతో బాగా ప్రచారమైన 4×4 పద్ధతిలో నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, అలా నాలుగుసార్లు చేస్తారు. మెల్లగా అన్నప్పుడు కూడా ఆగరు, జాగింగ్ చేస్తారు. ఎనిమిది వారాల్లో మీరు చేరాల్సింది అక్కడికే.

మీ మొదటి ఆడియో పేరులో బహుశా 'తబాటా' అని ఉండి ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా బృందం 1996లో ప్రచురించిన ప్రయోగం 20 సెకన్లు, 10 సెకన్లదే. అయితే దాన్ని చేసినవాళ్లు వ్యాయామ విద్య చదువుతున్న యువకులు, అదీ స్థిరంగా ఉండే సైకిల్ మీద. ఏడెనిమిది దఫాలకే ఇక తొక్కలేని స్థితికి వచ్చేంత తీవ్రతతో తొక్కారు. అంటే మొత్తం నాలుగు నిమిషాలు. అదే లెక్కను 20 నిమిషాలకు సాగదీస్తే 40 దఫాలు అవుతాయి. ఆ తీవ్రతతో 40 దఫాలు ఎవరివల్లా కాదు. తగ్గించి చేస్తే అది తబాటా కాదు, తగ్గించకుండా చేస్తే మీకు జరిగిందే జరుగుతుంది. దాన్ని తీసేయండి.

కాగితం మీద రాసేటప్పుడు మరో రెండు గమనించండి. ఒకటి, కోచ్ ఎప్పుడు మాట్లాడుతున్నాడు? మంచి ఆడియోలో గట్టి పరుగు మొదలయ్యే ముందు 'పది సెకన్లు' అని వినిపిస్తుంది, 'ఐదులో మూడోది' అని లెక్క చెబుతారు, సగం అయిందని ఒకసారి, 15 సెకన్లు మిగిలాయని ఒకసారి చెప్పి మిగతా సేపు ఊరుకుంటారు. నాలుగు నిమిషాలూ ఆగకుండా కబుర్లు చెప్పే ఆడియోలో మీ ఊపిరి మీకే వినపడదు. గట్టి పరుగులో మీరు అన్నింటికంటే ఎక్కువ వినాల్సింది ఆ ఊపిరినే. రెండోది, కష్టాన్ని దేనితో కొలుస్తున్నారు? 'పదికి ఎనిమిది కష్టం' అని చెప్పేది ఎండాకాలం, చలికాలం, కట్ట మీద, ట్రాక్ మీద ఎక్కడైనా పనికొస్తుంది. ఒకే వేగపు అంకె చెప్పేది అందరికీ సరిపోదు. 'ఉన్న శక్తంతా పెట్టేయండి' అని మొదటి దఫాలోనే అరిచేదాన్ని పక్కన పెట్టండి.

పదికి ఎనిమిది అంటే ఏమిటో మాటతోనే తేల్చుకోవచ్చు. గట్టి దఫా చివర్లో 'ఇంకొంచెం… అంతే' అని రెండు మూడు ముక్కలు మాత్రమే అనగలగాలి. పూర్తి వాక్యం వస్తోందంటే వేగం చాలలేదు, ఒక్క ముక్క కూడా రావడం లేదంటే ఎక్కువైంది. విరామం అయిపోయేసరికి 'రేపు కూరగాయలు తేవాలి' అన్నంత వాక్యం ఒక్క ఊపిరిలో రావాలి. రాకపోతే ఆడియోను ఆపి, ఇంకో నిమిషం నడిచి, మళ్లీ మొదలుపెట్టండి. కోచ్‌కు మీ దమ్ము సంగతి తెలియదు, రికార్డు చేసి వెళ్లిపోయాడు. పాజ్ నొక్కడంలో తప్పేమీ లేదు.

చేతికి గుండె వేగం చూపే వాచీ ఉంటే, 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తే మీ గరిష్ఠ గుండె వేగం నిమిషానికి సుమారు 182 వస్తుంది. మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దాన్ని గీత గీసినట్టు పట్టుకోవద్దు. మూడు నాలుగు నిమిషాల దఫాల చివర 160 నుంచి 172 మధ్య కనిపిస్తే పని జరుగుతున్నట్టే. నిమిషం లోపు దఫాల్లో వాచీని చూడొద్దు. గుండె వేగమే ఆలస్యంగా పెరుగుతుంది, వాచీ దాన్ని ఇంకా ఆలస్యంగా చూపిస్తుంది. అంకె పెరగలేదని మీరు ఇంకా ఉరుకుతారు.

ఇప్పుడు మైళ్ల కోచ్. మైలు అంటే 1.609 కిలోమీటర్లు. మైలుకు ఇన్ని నిమిషాలు అని వినిపిస్తే దాన్ని 0.62తో గుణించండి. మైలుకు 11 నిమిషాలంటే కిలోమీటరుకు సుమారు 6 నిమిషాల 50 సెకన్లు. '5కె పేస్' అని వినిపిస్తే అది మీ 5 కిలోమీటర్ల వేగం, అంటే 7 నిమిషాలు. '10కె పేస్' అంటే మీకు దాదాపు 7 నిమిషాల 15 నుంచి 20 సెకన్లు. 'మైల్ పేస్' అంటే ఆరున్నర నిమిషాల దరిదాపు. ఈ నాలుగు ముక్కలు అరచేతిలో రాసుకుంటే ఆ ఆడియో మీకు పనికొస్తుంది. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చేసేవాళ్లకు మాత్రం ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతుంది. అమెరికా ఆడియోలో 'స్పీడ్ సిక్స్' అంటే గంటకు 6 మైళ్లు, మన దగ్గరి మిషన్ మీద 9.7. కిలోమీటర్ల మిషన్ మీద 6 పెడితే నడకే అవుతుంది. తిరగేసి, మైళ్ల మిషన్ మీద 9 పెడితే పడిపోతారు. పైగా బెల్టు వేగం అందుకోవడానికే చాలా సెకన్లు తీసుకుంటుంది కాబట్టి ట్రెడ్‌మిల్ మీద రెండు నిమిషాల కంటే పొట్టి దఫాలు వద్దు.

తెలుగులో మాటలు కావాలంటే ఒక మార్గం ఉంది. మీరే రికార్డు చేసుకోండి. ఫోన్‌లోని వాయిస్ రికార్డర్‌లో నిమిషాలు, సెకన్లు కనిపిస్తూనే ఉంటాయి, వేరే గడియారం అక్కర్లేదు. ఐదు దఫాలు, ఒక్కోటి రెండు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల జాగింగ్ అనుకుందాం. 0:00 దగ్గర 'నడక మొదలు'. 5:00 దగ్గర 'మెల్లగా పరుగు'. 9:30 దగ్గర 'ముప్పై సెకన్లలో మొదటిది, భుజాలు వదులు చెయ్యి'. 10:00 దగ్గర 'పద'. 11:00 దగ్గర 'సగం'. 11:45 దగ్గర 'పదిహేనే'. 12:00 దగ్గర 'తగ్గించు, ఆగొద్దు'. 13:50 దగ్గర 'పది సెకన్లలో రెండోది'. 14:00 దగ్గర మళ్లీ 'పద'. అలా ఐదోది 28:00కు అయిపోతుంది, 33:00కు కూల్‌డౌన్ ముగుస్తుంది. మధ్యలో రికార్డింగ్‌ను పాజ్ చేసినా నష్టం లేదు, తెర మీది అంకె చూసి మాట్లాడితే చాలు. కానీ నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ ఉంటే తప్పకుండా ఆపేయండి. అది ఉంటే 33 నిమిషాల రికార్డు రెండు నిమిషాలకు కుదించుకుపోతుంది. కుక్కర్, టీవీ వినపడని గదిలో, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి, మామూలు గొంతుతో చెప్పండి. 'ఆగొద్దు' అన్న ఆ ఒక్క మాట ప్రతి దఫా చివరా ఉండాలి. మీ కళ్లు తిరగడానికి మందు అదే.

ఎక్కడ పరుగెత్తాలి అన్నది కూడా ఆడియోను బట్టే. వడ్డేపల్లి కట్ట మీద పొద్దున నడిచేవాళ్లు గుంపులుగా ఉంటారు. పక్కపక్కన నలుగురు మాట్లాడుకుంటూ వస్తుంటే మీ నాలుగు నిమిషాల దఫా నాలుగుసార్లు తెగుతుంది. కట్టను తేలిక రోజులకు ఉంచుకోండి. గట్టి రోజుకు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మేలు, వాకర్లను అనుమతించే వేళ కనుక్కుని వెళ్లండి. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్ అది. అన్నిటికంటే లోపలి లైన్‌లో చుట్టు 400 మీటర్లు. ఎనిమిదో లైన్‌కు వచ్చేసరికి అదే చుట్టు 450 మీటర్లు దాటుతుంది, కాబట్టి దూరం లెక్కపెట్టేటప్పుడు ఏ లైన్‌లో ఉన్నారో చూసుకోండి. ఫోన్ జీపీఎస్ ట్రాక్ వంపుల్లో తప్పుతుంది, అది చెప్పే దూరాన్ని నమ్మొద్దు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఇంతే దూరం, ఒక్క చుట్టు, 55.82 సెకన్లలో. అది ఉన్నదంతా పెట్టేసే పోటీ పరుగు. మీరు చేయాల్సింది అదే చుట్టును, మధ్యమధ్య మెల్లగా జాగింగ్ చేస్తూ, ఐదుసార్లు, ప్రతిసారీ ఒకే కాలంలో తిరగడం.

మీకు ఆ కాలం సుమారు 2 నిమిషాల 40 సెకన్లు. కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్ల వేగమిది, ట్రెడ్‌మిల్ మీద సరిగ్గా 9. ప్రతి చుట్టు కాలం చీటీ మీద రాయండి. 2:41, 2:40, 2:42, 2:40, 2:39 వస్తే ఆ ఆడియో, ఆ వేగం మీకు సరిపోయాయి. 2:22, 2:35, 2:50, 3:05 వచ్చి ఐదోది వదిలేశారంటే, చెవిలో కోచ్ ఎంత మెచ్చుకున్నా ఆ రోజు పని చెడింది. దాదాపు ప్రతిసారీ చెడేది మొదటి దఫాలోనే. పాట ఊపందుకుంటుంది, కోచ్ గొంతు పెంచుతాడు, కాళ్లు తాజాగా ఉంటాయి. మొదటి దఫా మొదటి నిమిషం 'ఇంత తేలికా' అనిపించాలి. మూడో దఫాకు అది తేలికగా ఉండదు.

ఎనిమిది వారాలు ఇలా పెంచండి. మొదటి రెండు వారాలు మీ రెండో ఆడియోనే వాడండి, కానీ 'నడవండి' అన్నప్పుడల్లా మెల్లగా జాగింగ్ చేయండి. ఆ ఒక్క మార్పుతోనే దానికి చెమట పడుతుంది. మూడు, నాలుగు వారాల్లో పైన చెప్పిన సొంత రికార్డు. ఐదు, ఆరు వారాల్లో మూడు నిమిషాల చొప్పున నాలుగు దఫాలు, మధ్యలో రెండున్నర నిమిషాలు. ఏడు, ఎనిమిది వారాల్లో 4×4. వార్మప్, కూల్‌డౌన్ కలిపి 40 నిమిషాలు పడుతుంది. దఫా పొడవు పెరిగేకొద్దీ వేగం కిలోమీటరుకు 6:45, 6:50 వరకు తగ్గించుకోవచ్చు. వారానికి ఒక్కటే గట్టి రోజు. నాలుగో వారం తర్వాత నిద్ర, ఆకలి బాగుండి, పొద్దున లేవగానే కాళ్లు బరువుగా లేకపోతే రెండోది చేర్చుకోవచ్చు, రెంటి మధ్య 48 గంటలు ఉండాలి. మిగతా రోజులు కిలోమీటరుకు 8 నిమిషాలు, ఎనిమిదిన్నర నిమిషాలు, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ. ఈ తేలిక రోజుల్ని మళ్లీ 7 నిమిషాలకు లాగొద్దు. చాలామంది గట్టి పరుగు ఫలితం పోగొట్టుకునేది అక్కడే.

ఎండాకాలంలో లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లు ఎండ పొద్దున ఏడింటికే మాడుస్తుంది. శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు వెళ్తుంది, అదే వేగానికి గుండె మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటుంది. అప్పుడు 2:40 పట్టుకుని వేలాడొద్దు, పదికి ఎనిమిది కష్టం ఎక్కడుందో అక్కడే పరుగెత్తండి, ఒక దఫా తగ్గించండి, ఆరింటికల్లా ముగించండి. చలి పుట్టినా, ఒళ్లు గగుర్పొడిచినా, చెమట ఆగిపోయినా ఆ రోజుకు ఆపేసి నీడకు వెళ్లి నీళ్లు తాగండి. తల తడుపుకోండి. ముందురోజు రాత్రి ఆలస్యంగా సర్వపిండి, పచ్చడి తిని పొద్దున్నే గట్టి దఫాలు మొదలుపెడితే ఛాతీలో మంట తప్పదు. గట్టి రోజు ముందు రాత్రి త్వరగా, తేలికగా తినండి. పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు చాలు.

ఫోన్ సంగతి. ఆడియోను రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి. షావోమి, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు తెర ఆరిపోగానే వెనకాల నడిచే యాప్‌ను ఆపేయడం మామూలే. మూడో దఫాలో కోచ్ గొంతు ఆగిపోయిందంటే కారణం ఇదే. సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి. కాల్స్ రాకుండా 'డూ నాట్ డిస్టర్బ్' మోడ్ పెట్టండి. చెమటకు చెవిలోంచి జారిపోయే చిన్న బడ్స్ కన్నా నెక్‌బ్యాండ్ మేలు. ట్రాక్ మీద తప్ప ఎక్కడైనా ఒక చెవి ఖాళీగా ఉంచండి. కాలనీ రోడ్డు మీద ఉరికేవాళ్లను కుక్కలు తరుముతాయి, అవి వెనక నుంచి వస్తున్న చప్పుడు మీకు వినపడాలి. తరిమితే ఇంకా ఉరకొద్దు. ఆగి, వాటివైపు తిరిగి, మెల్లగా వెనక్కి నడవండి. ఆ దఫా పోతే పోయింది.

ఎనిమిది వారాలయ్యాక, ముందు రెండు రోజులు తేలికగా గడిపి, స్టేడియంలో లోపలి లైన్‌లో 5 కిలోమీటర్లు పరుగెత్తి చూడండి. పన్నెండున్నర చుట్లు. ముగింపు గీతకు ఎదురుగా, 200 మీటర్ల గుర్తు దగ్గర మొదలుపెడితే గీత మీద ముగుస్తుంది. మొదటి కిలోమీటరు 6:50 కంటే వేగంగా వెళ్లొద్దు. ఆ రోజు ఆడియో పెట్టుకోకండి, ఒక్క వాచీ చాలు.